ఆయుధం ధరించే హక్కు: అమెరికా న్యాయస్థానాలు ఏమంటున్నాయి?

అమెరికాలో ఏదో ఒక పాఠశాలలోనో, అంగడిలోనో కాల్పులు జరిగినట్లు వార్త వచ్చినప్పుడల్లా సరిహద్దు పల్లెలలో ఒకే ప్రశ్న వినబడుతుంది. అంత పెద్ద దేశం, అంత బలమైన ప్రభుత్వం, ప్రజల చేతులలోని తుపాకులను ఎందుకు తీసివేయలేకపోతున్నది? బళ్ళారి, కోలారు, హొసూరు, రాయగడ, యానాం ప్రాంతాల నుండి పిల్లలను చదువుకో, ఉద్యోగానికో ఆ దేశానికి పంపిన తల్లిదండ్రులకు ఇది కేవలం లోకజ్ఞానానికి సంబంధించిన ప్రశ్న కాదు. తమ బిడ్డ నివసించే వీధిలో పొరుగింటివాని దగ్గర తుపాకి ఉండవచ్చునా, బిడ్డ స్నేహితుని తుపాకిని సరదాకు పట్టుకొంటే ఏమవుతుంది అన్న సంగతులు వారికి తెలిసి ఉండుట అవసరం.

ఆ ప్రశ్నకు సమాధానం అమెరికా రాజ్యాంగంలో ఉన్నది. అక్కడ ఆయుధం కలిగి ఉండుట ప్రభుత్వం దయతో ఇచ్చిన అనుమతి కాదు, రాజ్యాంగం గుర్తించిన హక్కు. అయితే ఆ హక్కు ఎవరికి, ఎంతవరకు అన్నది రాజ్యాంగంలో వివరించి లేదు. దానిని న్యాయస్థానాలే చెప్పవలసి వచ్చింది. అక్షరం మారని ఒకే వాక్యాన్ని ఆ దేశపు కోర్టులు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క విధంగా చదివాయి. ఆ చదువులో వచ్చిన మార్పే ఈనాటి పరిస్థితికి మూలం.

ఒక వాక్యం, రెండు భాగాలు

అమెరికా రాజ్యాంగానికి తొలి పది సవరణలు 1791 డిసెంబరు 15న అమలులోకి వచ్చాయి. వీటిని హక్కుల పత్రం అంటారు. అందులో రెండవ సవరణ ఆంగ్లంలో ఇరవై ఏడు మాటల ఒకే వాక్యం. దాని తాత్పర్యం ఇది: చక్కగా క్రమబద్ధం చేయబడిన పౌరసేన స్వతంత్ర రాజ్యం యొక్క భద్రతకు అవసరమై ఉన్నందున, ఆయుధాలను ఉంచుకొనుటకు, ధరించుటకు ప్రజలకు గల హక్కుకు భంగం కలిగించరాదు.

ఆనాటి పరిస్థితులు తెలిస్తేనే ఈ వాక్యం అర్థమవుతుంది. అప్పటికి కొద్ది సంవత్సరాల క్రితమే ఆ ప్రజలు బ్రిటిష్ రాజుతో పోరాడి స్వాతంత్ర్యం పొందారు. జీతం తీసుకొనే శాశ్వత సైన్యం పాలకుని చేతిలో ఉంటే అది ప్రజల మీదికే తిరుగుతుందన్న భయం వారిలో బలంగా ఉండేది. అందువలన ప్రతి రాష్ట్రంలోను రైతులు, చేతివృత్తులవారు, వ్యాపారులు తమ ఇంటి తుపాకులతోనే వచ్చి చేరే పౌరసేన ఉండేది. దానినే వారు మిలీషియా అన్నారు. కేంద్ర ప్రభుత్వం ఈ పౌరసేనలను నిరాయుధం చేయకుండా అడ్డుకట్టగా ఈ సవరణ వచ్చింది.

చిక్కు వ్యాకరణంలో ఉన్నది. వాక్యంలో మొదటి భాగం కారణాన్ని, రెండవ భాగం హక్కును చెబుతున్నాయి. కారణం హక్కుకు హద్దా, కాదా? ఒక ఉదాహరణ చూడవచ్చు. ఒక గ్రామంలో పూర్వం ఇలా తీర్మానించారనుకొందాం: ఊరి చెరువు పంటలకు ఆధారమై ఉన్నందున, రైతులు పంటకాలువలను బాగుచేసుకొనే హక్కుకు ఎవరూ అడ్డు రారాదు. కాలక్రమాన చెరువు పూడిపోయింది, బోర్లు వచ్చాయి. ఇప్పుడు కాలువ మీద రైతుకు హక్కు ఉన్నట్లా, పోయినట్లా? చెరువు కోసమే హక్కు ఇచ్చారు గనుక చెరువుతోనే అదీ పోయింది అని ఒక పెద్దమనిషి అంటాడు. చెరువు మాట కారణం మాత్రమే, ఇచ్చినది మాత్రం రైతుకు హక్కే గనుక అది నిలిచి ఉన్నది అని మరొకరు అంటారు. ఇద్దరి వాదంలోను న్యాయం కనబడుతుంది. అమెరికాలో పాత పౌరసేనలు పోయి శాశ్వత సైన్యం, పోలీసు వ్యవస్థ వచ్చిన తరువాత అక్కడి న్యాయమూర్తుల ముందు నిలిచిన సమస్య సరిగ్గా ఇదే.

తొలి శతాబ్దం: కేంద్రానికి మాత్రమే కట్టుబాటు

చాలా కాలం వరకు ఈ సవరణ మీద పెద్ద వివాదాలు సుప్రీంకోర్టుకు రాలేదు. వచ్చినవాటిలో ముఖ్యమైనది 1876 నాటి క్రూక్‌షాంక్ కేసు. 1873లో లూసియానా రాష్ట్రంలోని కోల్‌ఫాక్స్ అనే ఊరిలో తెల్లజాతి మూకలు నల్లజాతివారిని సామూహికంగా హత్య చేశాయి. నల్లవారి ఆయుధ హక్కును, సభ జరుపుకొనే హక్కును హరించారని కేంద్ర ప్రభుత్వం నేరారోపణ చేసింది. రెండవ సవరణ కేంద్ర చట్టసభను మాత్రమే కట్టడి చేస్తుందని, ప్రైవేటు వ్యక్తులు చేసిన పనికి అది వర్తించదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దోషులు బయటపడ్డారు. రక్షణ అత్యవసరమైనవారికే ఆ హక్కు అక్కరకు రాలేదన్నది ఆ తీర్పులోని విషాదం.

1886లో ప్రెసర్ కేసులో కూడా కోర్టు అదే మార్గంలో నడిచింది. రాష్ట్ర ప్రభుత్వాలు తమ చట్టాలు తాము చేసుకొనుటకు రెండవ సవరణ అడ్డు కాదని దాని సారాంశం. కావున తుపాకుల మీద ఆంక్షలు ప్రధానంగా రాష్ట్రాల ఇష్టానికే మిగిలాయి.

1939: పొట్టి గొట్టపు తుపాకి కథ

మద్యనిషేధ కాలంలో ముఠాల కాల్పులు పెరిగిన నేపథ్యంలో 1934లో కేంద్రం జాతీయ తుపాకుల చట్టం చేసింది. మర తుపాకులకు, గొట్టం కోసి పొట్టిగా చేసిన తుపాకులకు నమోదు తప్పనిసరి చేసి, చేతులు మారినప్పుడల్లా 200 డాలర్ల పన్ను విధించింది. ఆ రోజులలో అది ఎంతో పెద్ద మొత్తం.

జాక్ మిల్లర్, ఫ్రాంక్ లేటన్ అనే ఇద్దరు నమోదు చేయని పొట్టి తుపాకితో ఓక్లహోమా రాష్ట్రం నుండి ఆర్కాన్సాస్ రాష్ట్రంలోకి హద్దు దాటినారన్నది కేసు. 1939లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా వారి వాదాన్ని త్రోసిపుచ్చింది. 18 అంగుళాల కన్న తక్కువ గొట్టం గల ఇటువంటి తుపాకికి, పౌరసేన నిర్వహణకు తగిన సంబంధం ఉన్నట్లు ఆధారం లేదు, కనుక దానికి రాజ్యాంగ రక్షణ లేదు అని చెప్పింది. నిందితుల పక్షాన సుప్రీంకోర్టులో వాదించుటకు ఎవరూ హాజరు కాలేదన్నది ఈ కేసులో విశేషం.

ఈ తీర్పు తరువాత దాదాపు 70 సంవత్సరాలు కింది కోర్టులలో అధిక భాగం ఒకే విధంగా నడిచాయి. ఆయుధ హక్కు పౌరసేన సేవతో ముడిపడినదని, వ్యక్తికి విడిగా చెందినది కాదని చాలా తీర్పులు వచ్చాయి. గ్రామ తీర్మానం ఉదాహరణలో మొదటి పెద్దమనిషి మాటే చెల్లిన కాలం అది.

2008: ఇంటిలో ఆత్మరక్షణ వ్యక్తి హక్కు

రాజధాని వాషింగ్టన్ నగరంలో 1976 నాటి శాసనం ప్రకారం సామాన్య పౌరుడు ఇంటిలో చేతి తుపాకి ఉంచుకొనుట దాదాపు అసాధ్యం. పొడవు తుపాకి ఉన్నా దానిని గుండ్లు తీసి, విడదీసి లేదా మీటకు తాళం వేసి ఉంచాలి. డిక్ హెల్లర్ అనే ప్రత్యేక పోలీసు ఉద్యోగి విధి నిర్వహణలో తుపాకి ధరించేవాడు. అదే మనిషి ఇంటిలో తుపాకి పెట్టుకొనుటకు అనుమతి అడిగితే నగర పాలన నిరాకరించింది. అతడు కోర్టుకు వెళ్ళాడు.

2008 జూన్ 26న సుప్రీంకోర్టు అయిదుగురు అవునని, నలుగురు కాదని తీర్పు ఇచ్చింది. అధిక సంఖ్యాకుల తీర్పు రాసినవారు న్యాయమూర్తి ఆంటొనిన్ స్కాలియా. వాక్యం మొదటి భాగం హక్కు ప్రయోజనాన్ని ప్రకటిస్తుందే గాని హక్కును కుదించదని ఆయన నిర్ణయించారు. రెండవ భాగంలోని ప్రజలు అనే పదం వ్యక్తులనే సూచిస్తుందని, ఆత్మరక్షణ ఈ హక్కుకు గుండెకాయ వంటిదని చెప్పారు. కావున ఇంటిలో చేతి తుపాకిని పూర్తిగా నిషేధించుట చెల్లదు.

విభేదించినవారిలో న్యాయమూర్తి జాన్ పాల్ స్టీవెన్స్ పౌరసేన అన్న మాటను పక్కన పెట్టరాదని వాదించారు. న్యాయమూర్తి స్టీఫెన్ బ్రయర్ మరొక కోణం చూపారు. వ్యక్తి హక్కే అనుకొన్నా, నేరాలు మిక్కుటమైన నగరంలో ప్రజల ప్రాణరక్షణకు చేసిన శాసనాన్ని తూచి చూడాలి గదా అన్నది ఆయన ప్రశ్న.

ఈ తీర్పులో మరొక భాగం ఉన్నది. తుపాకి హక్కును గూర్చి మాట్లాడేవారు తరచుగా దీనిని విస్మరిస్తారు. ఈ హక్కు హద్దులు లేనిది కాదని స్కాలియాయే స్పష్టం చేశారు. తీవ్ర నేరాలలో శిక్ష పడినవారు, మానసిక రుగ్మత గలవారు ఆయుధం ఉంచుకోరాదనే నిషేధాలు, పాఠశాలలు, ప్రభుత్వ భవనాలు వంటి సున్నితమైన స్థలాలలో తుపాకులపై నిషేధం, అమ్మకాలపై షరతులు ఇవన్నీ ఈ తీర్పు వలన సందేహంలో పడవని రాశారు. ప్రమాదకరమై, సామాన్యుల వాడుకలో లేని ఆయుధాలకు రక్షణ లేదని కూడా చెప్పారు.

2010: రాష్ట్రాలకు కూడా వర్తింపు

వాషింగ్టన్ నగరం ఏ రాష్ట్రంలోను భాగం కాదు, కేంద్రపాలిత ప్రాంతం వంటిది. మరి మిగతా రాష్ట్రాలు, నగరాల మాటేమిటి? ఈ ప్రశ్నను షికాగో నివాసి ఓటిస్ మెక్‌డొనాల్డ్ ముందుకు తెచ్చాడు. ఆయన వయోవృద్ధుడు, నల్లజాతీయుడు. ఇంటిలో దొంగలు పడుట వలన తుపాకి కావాలనుకొన్నాడు. 1982 నుండి ఆ నగరంలో చేతి తుపాకులపై నిషేధం అమలులో ఉన్నది.

అంతర్యుద్ధం తరువాత 1868లో వచ్చిన పద్నాలుగవ సవరణ, రాష్ట్రాలు పౌరుల మౌలిక స్వేచ్ఛలను హరించరాదని చెబుతుంది. ఆయుధ హక్కు కూడా అటువంటి మౌలిక స్వేచ్ఛయే గనుక రాష్ట్రాలు, నగరాలు సైతం దానికి కట్టుబడాలని 2010 జూన్ 28న కోర్టు 5-4 తేడాతో తీర్పు చెప్పింది. తీర్పు రాసినది న్యాయమూర్తి శామ్యూల్ అలిటో. 1876 నాటి మార్గం ఆ విధంగా మలుపు తిరిగింది. కోల్‌ఫాక్స్‌లో నల్లవారికి దక్కని హక్కు, నూట ముప్పది ఏళ్ళకు పైబడి గడిచిన తరువాత ఒక నల్లజాతి వృద్ధుని పేరు మీద దేశమంతటికీ వర్తించింది.

2022: త్రాసు పోయి చరిత్ర వచ్చింది

హక్కు ఉన్నదని తేలింది. ఇక ఒక ఆంక్ష చెల్లునా, చెల్లదా అని తేల్చే పద్ధతి ఏది? 2008 తరువాత కింది కోర్టులు త్రాసు పద్ధతిని అనుసరించాయి. ఒక పళ్ళెంలో వ్యక్తి హక్కుపై పడే భారం, మరొక పళ్ళెంలో ప్రజల భద్రత పెట్టి తూచేవి. ఆ తూనికలో అనేక ఆంక్షలు నిలబడ్డాయి.

న్యూయార్కు రాష్ట్రంలో శతాబ్దం క్రితం నాటి చట్టం ఒకటి ఉండేది. బహిరంగ స్థలాలలో చేతి తుపాకిని దాచి ధరించుటకు లైసెన్సు కావలసినవాడు, అందరికీ ఉండే సాధారణ భయం కాక తనకు ప్రత్యేకమైన కారణం ఉన్నదని అధికారికి నిరూపించాలి. 2022 జూన్ 23న సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఆ నిబంధనను కొట్టివేసింది. దీనిని బ్రూయెన్ కేసు అంటారు. హక్కు ఇంటి గడప దగ్గర ఆగిపోదని, ఒక రాజ్యాంగ హక్కును వాడుకొనుటకు పౌరుడు అధికారి ముందు ప్రత్యేక అవసరం చూపనక్కర లేదని న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ రాశారు.

అంతకన్న పెద్ద మార్పు పద్ధతిలో వచ్చింది. ఇకపై త్రాసు చెల్లదు. ఒక పని సవరణ మాటల పరిధిలోకి వస్తే దానికి రక్షణ ఉన్నట్లే. దానిని నియంత్రించదలచిన ప్రభుత్వం, అటువంటి నియంత్రణ దేశ చరిత్రలో పూర్వం నుండి ఉన్నదని చూపించాలి. ఈనాటి చట్టానికి ఆనాటి పోలిక కావాలన్నమాట. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, మేరీలాండ్, మసాచుసెట్స్, హవాయి రాష్ట్రాలలోను న్యూయార్కు వంటి చట్టాలే ఉండేవి. వీటిలో కాలిఫోర్నియా, న్యూజెర్సీలు తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన రాష్ట్రాలు. ఆ రాష్ట్రాలు తమ నిబంధనలను మార్చుకోవలసి వచ్చింది. అయితే లైసెన్సు విధానమే రద్దు కాలేదు. పూర్వ నేరచరిత్ర పరిశీలన, శిక్షణ వంటి నిర్దిష్ట షరతులు పెట్టి, వాటిని నెరవేర్చినవారికి లైసెన్సు ఇచ్చే పద్ధతి చెల్లుతుందని కోర్టు చెప్పింది.

2024: చరిత్రకు హద్దు

కొత్త పద్ధతి కింది కోర్టులలో గందరగోళం కలిగించింది. న్యాయమూర్తులు చరిత్రకారుల వలె పాత శాసనాలు వెదకవలసి వచ్చింది. ఒకే చట్టం ఒక కోర్టులో చెల్లి మరొక కోర్టులో చెల్లకపోవుట సాధారణమైంది. ఈ చిక్కు టెక్సాస్ నుండి వచ్చిన రహీమీ కేసులో పరాకాష్ఠకు చేరింది.

ఆ వ్యక్తి తన బిడ్డకు తల్లి అయిన స్త్రీపై దౌర్జన్యం చేశాడని 2020లో కోర్టు రక్షణ ఉత్తర్వు ఇచ్చింది. అటువంటి ఉత్తర్వు ఉన్నవాడు తుపాకి కలిగి ఉండరాదని 1994 నాటి కేంద్ర చట్టం చెబుతుంది. అయినా అతని ఇంటిలో తుపాకులు దొరికాయి. 2023లో కింది అప్పీలు కోర్టు, పూర్వకాలంలో ఇటువంటి చట్టం లేదు గనుక ఇది చెల్లదని తీర్పు చెప్పింది. భార్యను కొట్టుట నేరంగానే పరిగణించని కాలంలో అటువంటి చట్టం ఎక్కడి నుండి వస్తుందని విమర్శలు వెల్లువెత్తాయి.

2024 జూన్ 21న సుప్రీంకోర్టు 8-1 తేడాతో ఆ తీర్పును తిరగదిప్పింది. ఆనాటి చట్టానికి ఈనాటి చట్టం అచ్చుగుద్దినట్లు ఉండనక్కర లేదని, రెండింటి వెనుక ఉన్న సూత్రం ఒకటైతే చాలునని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ వివరించారు. ఇతరుల ప్రాణాలకు ప్రమాదమని కోర్టు నిర్ధారించిన వ్యక్తిని తాత్కాలికంగా నిరాయుధుని చేయుట ఆ సంప్రదాయానికి విరుద్ధం కాదు. శాంతికి భంగం కలిగిస్తాడని అనుమానం ఉన్నవాని నుండి పూచీ తీసుకొనే చట్టాలు, ఆయుధంతో జనాన్ని భయపెట్టేవానిని శిక్షించే చట్టాలు పూర్వం నుండి ఉన్నాయని కోర్టు ఎత్తి చూపింది. ఒంటరిగా విభేదించినవారు బ్రూయెన్ తీర్పు రాసిన థామస్ అన్నది గమనార్హం.

హద్దు దాటితే చట్టం మారుతుంది

ఇన్ని తీర్పుల తరువాత కూడా అమెరికా అంతటా ఒకే తుపాకి చట్టం లేదు. రాజ్యాంగం రాష్ట్రాలకు గీసినది దాటరాని గీత మాత్రమే. ఆ గీతకు లోబడి ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిది. టెక్సాస్‌లో 2021 నుండి అర్హత గల వయోజనుడు లైసెన్సు లేకుండానే చేతి తుపాకి ధరించి తిరుగవచ్చును. సగానికి పైగా రాష్ట్రాలలో ఇటువంటి చట్టాలే ఉన్నాయి. న్యూజెర్సీ, న్యూయార్కులలో లైసెన్సు తప్పనిసరి. ఒక రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు పొరుగు రాష్ట్రంలో తనంత తానుగా చెల్లదు. వంతెన దాటితే అదే తుపాకి నేరంగా మారవచ్చును. మైలురాయి మీది లిపి మారగానే కచేరీ మారే, కాగితం మారే సరిహద్దు గ్రామాలవారికి ఈ స్థితిని ఊహించుట కష్టం కాదు.

వీసా మీద ఉన్నవారికి ఆ హక్కు లేదు

ఇక్కడి తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసిన విషయం ఇది. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం తాత్కాలిక వీసాపై వెళ్ళినవారు తుపాకి గాని, తూటాలు గాని కలిగి ఉండరాదు. చదువు కోసం ఇచ్చే ఎఫ్-1, ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బి వీసాలు రెండూ ఈ కోవలోనివే. వేట లైసెన్సు పొందినవారికి ఇచ్చినట్టి కొన్ని పరిమిత మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. గ్రీన్ కార్డు పొందినవారికి ఈ నిషేధం వర్తించదు. నిషేధాన్ని ఉల్లంఘిస్తే 2022 నాటి సవరణ తరువాత 15 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చును. తుపాకి నేరంలో శిక్ష పడిన విదేశీయుని దేశం నుండి పంపివేయుటకు కూడా చట్టంలో వీలున్నది.

2019లో సుప్రీంకోర్టుకు వచ్చిన రహైఫ్ కేసు ఇందుకు నిదర్శనం. అరబ్ ఎమిరేట్స్ నుండి ఫ్లోరిడాకు చదువుకోవడానికి వచ్చిన ఒక విద్యార్థి పరీక్షలు తప్పి, కళాశాల నుండి తొలగింపబడి, వీసా హోదా కోల్పోయాడు. దేశంలోనే ఉండి ఒక షూటింగ్ కేంద్రానికి వెళ్ళి గురి చూసి కాల్చాడు. అంతమాత్రానికే అతనిపై కేసు నడిచి శిక్ష పడింది. తనకు హోదా లేదన్న సంగతి అతనికి తెలుసునని ప్రభుత్వం నిరూపించాలని సుప్రీంకోర్టు 7-2 తేడాతో చెప్పి ఆ శిక్షను పక్కన పెట్టింది. ఇది రాజ్యాంగ హక్కుపై ఇచ్చిన తీర్పు కాదు, ఆ చట్టంలోని మాటలపై ఇచ్చినది. నిషేధం మాత్రం యథాతథంగా నిలిచి ఉన్నది. సెలవు దినాన స్నేహితులతో సరదాగా షూటింగ్ కేంద్రానికి వెళ్ళుట, అద్దె గదిలో తోటివాని తుపాకిని దాచి ఉంచుట ఇవన్నీ వీసా మీద ఉన్న పిల్లలకు ప్రమాదకరమే. ఫోనులో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క మాట చెప్పుట ఎంతో మేలు.

మన రాజ్యాంగం ఎంచుకొన్న దారి

భారతదేశంలో ఇటువంటి హక్కు ఎందుకు లేదన్న ప్రశ్న సహజం. ఆ ఆలోచన ఇక్కడ రాలేదని కాదు. 1878 నాటి బ్రిటిష్ ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సు విధించి ఐరోపావారిని మినహాయించింది. ఆ అవమానం జాతీయోద్యమ నాయకులను బాధించింది. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో, నియమాలకు లోబడి ఆయుధం ధరించే హక్కు ప్రతి పౌరునికి ఉండాలని చేర్చారు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఈ మేరకు సవరణ ప్రతిపాదించారు. డాక్టర్ అంబేద్కర్ వ్యతిరేకించారు. సభ దానిని త్రోసిపుచ్చింది. రాజ్యాంగం 19వ అధికరణం శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే స్వేచ్ఛను ఇచ్చింది. సిక్కులు కృపాణం ధరించుట మాత్రం 25వ అధికరణం వివరణలో మత స్వేచ్ఛలో భాగంగా గుర్తింపబడింది.

కావున ఇక్కడ తుపాకి లైసెన్సు హక్కు కాదు, 1959 నాటి ఆయుధాల చట్టం ఇచ్చే అనుమతి. అనుమతి లేని ఆయుధాల వ్యవహారాన్ని 2023లో స్వయంగా విచారణకు తీసుకొన్న భారత సుప్రీంకోర్టు కూడా ఈ తేడాను ఎత్తి చూపింది. అమెరికాలో ఆయుధం ధరించుట రాజ్యాంగ హక్కు కాగా, మన రాజ్యాంగంలో అటువంటి హక్కు ఎవరికీ లేదని పేర్కొన్నది. కర్ణాటకలోని కొడగులో కొడవ జాతివారికి, జమ్మా భూముల హక్కుదారులకు లైసెన్సు నుండి మినహాయింపు ఉన్న సంగతి ఆ రాష్ట్రవాసులకు తెలిసినదే. 2019లో కేంద్రం పది సంవత్సరాలకు పొడిగించిన ఆ మినహాయింపును 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. అది కూడా చట్టం ఇచ్చిన మినహాయింపే గాని రాజ్యాంగ హక్కు కాదు.

అయితే అనుమతి అన్నంత మాత్రాన అధికారి ఇష్టారాజ్యం కాదు. నిజంగా పంట కాపుదలకు నాడె నుండి మందు దట్టించే తుపాకి కోరిన పౌరునికి, చట్టంలో చెప్పిన అభ్యంతరాలు లేకుంటే లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షను చెబుతున్నది. నిరాకరిస్తే కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి. దానిపై 18వ సెక్షను కింద అప్పీలు చేసుకొనే వీలున్నది. లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది. ఇల్లు ఒక రాష్ట్రంలో, పొలం మరొక రాష్ట్రంలో ఉన్న కుటుంబాలు ఈ సంగతిని ముందుగా చూసుకోవాలి. పంట కాపుదల లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవిపందిని చంపవచ్చునని కాదు. దానికి వన్యప్రాణి చట్టం వేరుగా ఉన్నది. లైసెన్సు లేని నాటు తుపాకి ఇంటిలో దొరికితే 2019 సవరణ తరువాత కనీసం రెండు సంవత్సరాలు, గరిష్ఠంగా అయిదు సంవత్సరాల జైలుశిక్ష, జరిమానా ఉన్నాయి.

ముగింపు

అమెరికా అనుభవం నుండి ఒక సంగతి స్పష్టమవుతున్నది. రాజ్యాంగంలో ఒక హక్కును రాసినంత మాత్రాన దాని అర్థం స్థిరపడదు. 1939లో పౌరసేనకు కట్టిన హక్కును 2008లో ఇంటికి, 2022లో వీధికి విస్తరింపజేసినది కొత్త సవరణ కాదు, కొత్త వ్యాఖ్యానం. 2024లో ప్రమాదకారి చేతి నుండి తుపాకి తీసివేయవచ్చునని చెప్పినదీ వ్యాఖ్యానమే. ఆ వాక్యాన్ని తొలగించాలంటే అమెరికాలో కేంద్ర చట్టసభకు చెందిన ఉభయసభలలో మూడింట రెండు వంతుల మద్దతు, ఆపై నాలుగింట మూడు వంతుల రాష్ట్రాల ఆమోదం కావాలి. అది ఇప్పట్లో జరిగే పనిగా కనబడదు. అందువలన అక్కడి వాదమంతా వాక్యాన్ని ఎట్లా చదవాలన్న దాని మీదనే సాగుతున్నది. అంతవరకు అక్కడ ఉన్న మన పిల్లలు గుర్తుంచుకోవలసినది రెండు మాటలే: ఎదుటివాని దగ్గర తుపాకి ఉండుట చట్టబద్ధం కావచ్చును, వీసా మీద ఉన్న తమ దగ్గర ఉండుట కాదు.